స్థాపక సభ్యుల బావి

కొత్తగా సహకార శాఖలో చేరి ఇళ్ళ సంఘాల తనిఖీకి పోయే పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. చట్టం నాకంటే బాగా అప్పజెబుతారు. అందరూ అడిగేది ఒకటే: సంఘం గొడవలు లేకుండా నడవాలంటే ఏం చెయ్యాలి? గొడవ లేని సంఘాన్ని చూస్తే నాకు అనుమానం అంటాను. ముసలివాడి చమత్కారం అనుకుని, నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. అది చమత్కారం కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నదాంట్లో పనికొచ్చేది అదొక్కటే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఎప్పుడు ఇన్‌స్పెక్టరునయ్యానో, ఎక్కడికి బదిలీ అయ్యానో రాయను. అవి ఎవరికీ పనికిరావు. మన పని ఏమిటో మాత్రం చెబుతాను.

ఇళ్ళ సంఘంలో ఇల్లు ఎవరిది వాళ్ళది. దారి, కాలువ, బావి, ఖాళీ జాగా అందరివీ. ఈ 'అందరివీ' అన్న చోటనే దేశంలోని రోగాలన్నీ బయటపడతాయి. మనిషి తన కులాన్ని, తన ముహూర్తాన్ని, తన మడిని నాలుగు గోడల మధ్య పెట్టుకున్నంతవరకు అది అతని ఖర్మ. బావి దగ్గరికి తెచ్చాడంటే పక్కవాడికి తగులుతుంది. అక్కడ మొదలవుతుంది మన ఉద్యోగం.

వంగిన రోడ్డు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆళ్ళగడ్డలో ఉండేవాణ్ణి. కచేరీలు డేరాల్లో నడుస్తుండేవి. ఇళ్ళు దొరక్క ఉద్యోగస్తులు అడిగినంత బాడుగ కడుతుండేవాళ్ళు. ఆ ఊపులో జిల్లా అంతటా ఇళ్ళ సంఘాలు పుట్టుకొచ్చాయి. ఆళ్ళగడ్డలోనూ ఒకటి పుట్టింది. రుద్రవరం దారిలో భూమి కొన్నారు, పటం గీయించారు, స్థలాలకు చీట్లు వేశారు. అంతవరకు బాగుంది.

చీటీలో సంఘం అధ్యక్షుడికే వీధిపోటు స్థలం వచ్చింది. రోడ్డు తిన్నగా వచ్చి ఆయన గడపకు తగులుతుంది. అలాంటి ఇంట్లో కాపురముంటే యజమానికి గండమని ఎవరో చెప్పారు. ఆయన స్థలం మార్చుకోలేదు, మార్చుకుంటే పరువు తక్కువ. రోడ్డునే మార్చాడు. సర్వసభ్య సమావేశం జరిగింది, ఒక్కడూ నోరు మెదపలేదు, రోడ్డు ఆయన ఇంటి ముందు వంకర తిరిగింది. తిరిగినది గాలిలోకి పోదు కదా, పోయి ఒక బడి పంతులు ఇంటికి తగిలింది. పంతులు నా దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు.

"నీకు వీధిపోటు మీద నమ్మకముందా?" అని అడిగాను.

"నాకు ల్యా సార్. మా మామకుండాది. ఆయప్ప బిడ్డను కాపురానికి పంపనంటాండాడు."

నేను తనిఖీలో గట్టిగా రాశాను. పటం చూసి డబ్బు కట్టిన సభ్యుడికి ఆ పటం మీద హక్కుంటుంది, ఒకరి భయం కోసం పదిమంది చేతులెత్తి దాన్ని చెరపలేరు అని. మా డిప్యూటీ రిజిస్ట్రారు సర్కారు జిల్లాల మనిషి, నెమ్మదస్తుడు. "ఏమోయ్, రోడ్డు వంకరైతే నీకేం నొప్పి? అందరూ ఒప్పుకున్నారు కదా" అని పక్కన పెట్టేశాడు. ఆ రోడ్డు ఇప్పటికీ వంకరగానే ఉంది. అధ్యక్షుడు తన గండం తప్పించుకుని, రెండేళ్ళకు మామూలు జ్వరంతో పోయాడు.

ఈ మాట వెక్కిరింపుకు రాయలేదు. 'అందరూ ఒప్పుకున్నారు' అన్న మాట ఎంత పెద్ద అబద్ధమో అక్కడే తెలిసింది నాకు. పంతులు ఒప్పుకోలేదు. ఊరికే ఉన్నాడు. మన ఊళ్ళలో ఊరికే ఉండటాన్ని ఒప్పుకోవడం కింద రాసుకుంటారు. నిర్ణయం ముందే పెద్దమనిషి ఇంటి అరుగు మీద జరిగిపోతుంది. సమావేశం అనేది వక్కాకు నమిలి, 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' కింద సంతకాలు పెట్టడానికి. అధ్యక్షుడికి ఎదురు చెబితే అభిప్రాయం చెప్పినట్లు కాదు, పార్టీ కట్టినట్లు. అందుకని సౌమ్యులంతా ఏకగ్రీవం అవుతారు.

మార్తమ్మ టీచరు

రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది, డేరాలు పీకేశారు. మరుసటి ఏడు నంద్యాల సంఘంలో ఒక తగాదాకు నన్ను మధ్యవర్తిగా వేశారు. సంఘంలోని తగాదా మామూలు కోర్టుకు పోదు, రిజిస్ట్రారు దగ్గరికి పోతుంది. ఆయన మావంటివాళ్ళలో ఒకణ్ణి విచారణకు పంపుతాడు. నంద్యాల ఇన్‌స్పెక్టరుకు అక్కడివాళ్ళందరూ బాగా కావలసినవాళ్ళు. అందుకని ఆళ్ళగడ్డ నుంచి నన్ను రమ్మన్నారు.

రైలుస్టేషను అవతల నల్లరేగడి నేలలో ఆ కాలనీ ఉండేది. నాపబండలు పరిచిన కొత్త మిద్దెలు, తిన్నని దారులు, చూడముచ్చటగా ఉండేది. ఒక్క కొరత ఏమంటే ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళు. పెరట్లో బావులన్నీ గుడ్డలుతకడానికే. సంఘం జాగాలో తవ్విన ఒకే ఒక్క బావిలో తియ్యటి నీళ్ళు పడ్డాయి. నాలుగు వైపులా గిలకలు పెట్టి, చుట్టూ బండలతో చప్టా కట్టారు. కాలనీ మొత్తానికి అదే ప్రాణం.

ఆ కాలనీని మొదట స్థాపించిన వాళ్ళలో ఒక తాలూకా గుమాస్తా పింఛను తీసుకుని కొడుకు దగ్గర ఉండటానికి డోన్ వెళ్ళిపోతూ, తన ఇల్లు మార్తమ్మకు అమ్మాడు. ఆమె ఊళ్ళో మిషను బడిలో టీచరు. తాతల కాలంలో మాలపేట నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. భర్త లేడు, ముసలి తల్లి ఉంది. సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది కూడా. ఇదెలా జరిగిందని మీరు ఆశ్చర్యపోవద్దు. ఇల్లు కొని ఎవరికైనా బాడుగకిచ్చుకుంటుందిలే అనుకున్నారు. ఆమె వచ్చి తానే కాపురం పెట్టింది. పెట్టి, మొదటిరోజు పొద్దున బిందె, చేంతాడు పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళింది.

అధ్యక్షుడు గుర్విరెడ్డి. చుట్టుపక్కల పల్లెల్లో భూములున్న పాతకాలపు పెద్దరైతు, మాటకు నిలబడే మనిషని పేరు. ఆయన ఇంటి ఆడవాళ్ళు ఆ పొద్దున నింపిన బిందెలు చప్టా మీదే కుమ్మరించి వట్టిచేతులతో ఇంటికి పోయారు. వారం తిరిగేలోపల సమావేశం పెట్టారు. ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది.

ఆ తీర్మానం రాసింది కార్యదర్శి శేషగిరిరావు, మున్సిఫు కోర్టులో గుమాస్తా. అందులో కులం మాట లేదు, మతం మాట లేదు, మార్తమ్మ పేరు లేదు. 'మంచినీటి బావి సంఘ స్థాపక సభ్యుల శ్రమఫలితము గావున, దానిని వాడుకొను హక్కు స్థాపక సభ్యుల కుటుంబములకు మాత్రమే యుండును. తదుపరి ఇండ్లు కొన్నవారికి ఉండదు.' ఎంత శుభ్రంగా ఉందో చూడండి. చదివితే ఎవరి చెయ్యీ మురికైనట్లు కనబడదు. నేను అడిగితే ఆయనే వివరించాడు. అంటరానితనం నేరమని కొత్తగా వచ్చిన చట్టం ఉందిగదా, దానికి చిక్కకుండా రాశాడట. ఆ పైన ఇంకో మాట: "అసలు ఆ చట్టం ఆమెకు వర్తించదు సార్. ఆమె క్రైస్తవురాలు. అంటరానితనం హిందువుల సంగతి."

అంటే కచేరీలో ఆమె క్రైస్తవురాలు, బావి దగ్గర మాత్రం మాల. ఏ తలుపు దగ్గర ఏ పేరు పెడితే ఆమె బయట ఉండిపోతుందో ఆయనకు బాగా తెలుసు.

నేను వెళ్ళేసరికి మార్తమ్మ తల్లి ఉప్పునీళ్ళతో వండిన కూడు తినలేక చిక్కిపోయింది. టీచరు బడికి పోయేముందు స్టేషను కుళాయి దాకా నడిచి ఒక కడవ తెచ్చుకునేది. స్టేషనువాళ్ళు ఎప్పుడు వద్దంటారో తెలియదు. ఇల్లు అమ్ముకుని పొమ్మని కమిటీలో ఒకరు మర్యాదగానే చెప్పి చూశారు. నీళ్ళు లేని ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది? వాళ్ళకూ తెలుసు. అదే వాళ్ళ లెక్క.

సర్దుబాటు

నేను దిగిన బంగళాకు గుర్విరెడ్డి స్వయంగా వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. కూర్చుని, నా ఊరు, నా వాళ్ళు, పంటలు అన్నీ అడిగి అప్పుడు విషయానికొచ్చాడు. తమ ఇంటి పనిమనిషి రోజూ పొద్దున టీచరుకు రెండు కడవలు చేది గడప ముందర పోస్తుందని, ఆమె బావి దగ్గరికి రానవసరం లేదని, దీనికి తాను మాట ఇస్తున్నానని అన్నాడు. మా డిప్యూటీ రిజిస్ట్రారు దగ్గరికీ ఆ సంగతి ముందే చేరింది. ఆయన నుంచి కబురొచ్చింది: మంచి సర్దుబాటు, పట్టుకో, వదలకు.

పిల్లలూ, ఈ సర్దుబాటు అన్న మాట వినబడినప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోండి. సర్దుకునేది ఎవరు? నా ఉద్యోగంలో ఒక్క సర్దుబాటులోనూ బలమైనవాడు జరిగి కూర్చున్నది చూడలేదు. ఇరుకులో ఉన్నవాణ్ణే ఇంకాస్త ముడుచుకోమంటారు. ముడుచుకుంటే శాంతి కుదిరిందని నివేదిక రాస్తారు.

అయినా అడగాల్సిన ధర్మం ఉంది కాబట్టి మార్తమ్మ ఇంటికి పోయి అడిగాను. ఆమె చెప్పులు వేసుకుని బడికి బయలుదేరుతోంది. తల్లి మంచం మీదనే లేచి కూర్చుని, "ఒప్పుకోయే తల్లీ, నీళ్ళు నీళ్ళే గదా, యా చేత్తో చేదితే ఏముండాది" అంది. టీచరు తల్లివైపు చూసి నాకు చెప్పింది.

"ఊరికే పోసే నీళ్ళు ఊరికే ఆపనూ వచ్చు సార్. రేపు నేను రెడ్డిగారికి నచ్చని మాట ఒకటంటే ఆ పనిమనిషి రాదు. అప్పుడు ఏమని అడగల్ల నేను? ఈ ఇంటికి దారి మీద ఎంత హక్కుండాదో బావి మీదా అంతే ఉండాది. నా నీళ్ళు నేను చేదుకుంటా."

"నీకు ధైర్యముందా?"

"ధైర్యం సంగతి కాదు సార్. దప్పిక."

ఆ మాట విన్న తర్వాత నాకు సర్దుబాటు గురించి మాట్లాడబుద్ధి కాలేదు.

కిటికీ వైపు

కుర్రతనంలో నేను సంస్కరణ సభల్లో వాదించేవాణ్ణి. జాతకాల మీద, అంటు మీద, వితంతువుల మీద పెట్టిన ఆంక్షల మీద గొంతు పోయేలా అరిచేవాణ్ణి. మాకు వాదన నేర్పిన పెద్దాయన ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "నువ్వు తిడుతున్నావు. తిడితే ఎదుటివాడికి కోపమొస్తుంది, బుద్ధి రాదు. వాడి మాటనే నిజమనుకో. అనుకుని వాణ్ణి చెయ్యిపట్టుకుని దాని కొసదాకా నడిపించు. గొయ్యి వాడే చూస్తాడు." సభల్లో ఆ సలహా నాకు ఎప్పుడూ చాతకాలేదు. నంద్యాలలో పనికొచ్చింది.

విచారణను సంఘం పఠనమందిరంలో, ఆదివారం మధ్యాహ్నం పెట్టాను. సభ్యులందరూ రావాలని తాఖీదు పంపాను. గోడ నుంచి గోడకు జంపఖానా పరిచారు. మార్తమ్మ వచ్చి మెట్ల మీద నిలబడింది. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. వచ్చి కిటికీ దగ్గర, ఎవరికీ తగలకుండా ఒదిగి కూర్చుంది.

శేషగిరిరావు తీర్మానం చదివాడు. చాలా బాగా చదివాడు. అయ్యాక నేను అన్నాను: "ఈ తీర్మానం చెల్లుతుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. ప్రస్తుతానికి చెల్లుతుందనే అనుకుందాం. మీరే చేసిన తీర్మానం. దాని ప్రకారం బావి మీద హక్కున్నవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో నాకు తెలియాలి. స్థాపక సభ్యుల ఇళ్ళవాళ్ళు తలుపు వైపు కూర్చోండి. తర్వాత ఇల్లు కొన్నవాళ్ళు కిటికీ వైపుకు రండి."

మొదట ఎవరూ కదల్లేదు. కాలనీ పుట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. ఉద్యోగస్తుల కాలనీ, బదిలీలవుతుంటాయి, ఇళ్ళు చేతులు మారుతుంటాయి. ఈ సంగతి వాళ్ళందరికీ తెలుసు. తీర్మానానికి చేతులెత్తిన పొద్దున మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తట్టలేదు? ఆ మాటలు తమ గురించి కాదని అందరికీ తెలుసు కాబట్టి. అక్షరాలు చదవనే లేదు. ఎవరిమీద రాశారో తెలిశాక అక్షరాలతో పనేముంది?

ఒక పోస్టాఫీసు ఉద్యోగి లేచి కిటికీ వైపుకు వచ్చాడు. ఆయన వెనక ఇంకొకరు. తర్వాత నలుగురైదుగురు గొణుక్కుంటూ వచ్చారు. చూస్తుండగా జంపఖానా మీద సగానికి పైగా జనం ఇవతలికి జరిగారు. మార్తమ్మ చుట్టూ వదిలిన జాగా చిన్నదైపోయింది. తర్వాత కొన్నవాళ్ళలో చివరికి తలుపు వైపు, అధ్యక్షుడి పక్కన కూర్చున్న సుంకిరెడ్డి ఒక్కడే మిగిలాడు. గుర్విరెడ్డి భార్యకు స్వయానా తమ్ముడు. ఆ ముందటేడు, అక్క దగ్గర ఉండాలని, ఒక ఓవర్‌సీయరు దగ్గర ఇల్లు కొన్నాడు.

"బావా," అన్నాడు సుంకిరెడ్డి మెల్లిగా, "నేను గూడా కిటికీ కాడికేనా?"

"నువ్వు యాటికీ పోవద్దు. కూచో."

"తీర్మానం ప్రకారం పోవాలి" అన్నాను.

సుంకిరెడ్డి లేచాడు గానీ నడవలేదు. "ఈ పొద్దున మా ఇంటిది ఆ బావిలోనే చేదిందే సార్. అది దొంగతనమేనా?"

"తీర్మానం చెల్లితే, అంతే."

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో, "అక్క ఇంట్లో తాగితే తప్పులేదులేప్పా, కడుపులో పోసుకోని రా" అన్నారు. నవ్వు ఇంకా పెరిగింది. ఆ నవ్వుతో గుర్విరెడ్డి ముఖం ఎర్రబడింది. పెద్దమనిషి అన్నిటికీ ఓర్చుకుంటాడు గానీ తన బావమరిదిని చూసి పదిమంది నవ్వితే ఓర్చుకోడు.

"ఏంది సారూ ఈ ఆట? అది మావోళ్ళ కోసం రాసింది గాదు. ఆయమ్మను బావికాడికి రానీకుండా రాసింది. ఈడుండే అందరికీ తెలుసు. నీకూ తెలుసు. ఊరికే అందర్నీ లేపి కూచోబెడతాండావు."

శేషగిరిరావు రెడ్డి చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ మాట రాసుకోమంటారా?" అని అడిగాను.

శేషగిరిరావు లేచి నిలబడ్డాడు. అధ్యక్షుల వారు ఆవేశంలో అన్న మాటను సాక్ష్యంగా తీసుకోరాదని, ఆయన ఉద్దేశం వేరని, కాస్త వ్యవధి ఇస్తే లిఖితపూర్వకంగా సమాధానమిస్తారని గడగడా చెప్పాడు. నిజానికి రెడ్డి ఆ ఒక్క మాట కాదంటే నాకు కష్టమయ్యేది. మనసులో ఉద్దేశానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తేవాలి? కాలనీలో ఎవడూ నోరు విప్పడు.

గుర్విరెడ్డి శేషగిరిరావు చెయ్యి విదిలించుకున్నాడు. "ఆవేశం గాదు. తెలిసే అన్నా. రాసుకో సారూ."

"అన్నా, దస్కతు చేస్తే పోయినట్లే" అన్నాడు శేషగిరిరావు గొంతు తగ్గించి.

"పోతే పోనీ. ఇంతమంది ముందర అన్న మాట అనలేదని చెప్పల్లనా నేను? చెప్పి, ఈ మీసం పెట్టుకోని యాడ తిరగల్ల?"

రాసి ఇచ్చాను. చదివించుకుని విన్నాడు. ఒక్క ముక్క మార్చమనలేదు. దస్కతు చేశాడు.

ఎవరికి భయపడాలి

ఈ కథ తర్వాత నంద్యాలలో చాలామంది చెప్పుకున్నారు. రెడ్డి ఎంత నిజాయితీపరుడో చూడండి, ఓడిపోతానని తెలిసీ మాట తప్పలేదు అని. నేను ఆ పాట పాడను. ఆయన చెప్పినది నిజమే. కానీ ఏమిటి ఆ నిజం? ఒక ఆడమనిషిని, ఆమె ముసలి తల్లిని దప్పికతో ఇంట్లోంచి వెళ్ళగొట్టాలనుకున్నామని. దాన్ని మీసం మెలేసి చెప్పినంత మాత్రాన అది ధర్మం కాదు. మాట మీద నిలబడటం మంచి గుణమే, కానీ ఏ మాట మీద నిలబడ్డావన్నది కూడా చూడాలి. మన సీమలో ఆ రెండో సగం అడిగేవాళ్ళు తక్కువ. అందుకే పౌరుషం పేరున ఇన్ని తలలు పగులుతున్నాయి.

అయినా, గుర్విరెడ్డి లాంటి వాళ్ళకు మీరు భయపడవద్దు. వాళ్ళ ద్వేషం ముఖం మీద ఉంటుంది. భయపడాల్సింది శేషగిరిరావులకు. అతనికి మార్తమ్మ మీద కోపం లేదు. ఆమె పిల్లలకు బాగా చదువు చెబుతుందని నాతోనే మెచ్చుకున్నాడు. అడిగారు, రాసి పెట్టాడు. చదువుకున్నవాడు అన్యాయానికి మంచి భాష కుట్టి ఇస్తే, దాన్ని తొడుక్కుని అది ఎక్కడికైనా పోగలదు. ఏ తీర్మానమైనా మరీ శుభ్రంగా కనబడితే, ఆ పొద్దున ఎవరి బిందె ఖాళీగా ఉందో పోయి చూడండి.

తీర్పు తర్వాత

నా తీర్పు చిన్నదే. బావి సంఘం ఆస్తి. ఇల్లు కొన్నవారికి ఇంటితోపాటు అందులో భాగం వస్తుంది, ముందు వచ్చారా వెనక వచ్చారా అన్నదానితో పనిలేదు. బావిలో పూడిక ఎప్పుడు తీయాలి, గిలకలు ఎవరు బాగుచేయించాలి, చప్టా మీద గుడ్డలుతకవచ్చా అన్నవి మెజారిటీ నిర్ణయించవచ్చు. ఒక సభ్యురాలు సభ్యురాలేనా అన్నది చేతులెత్తి నిర్ణయించే సంగతి కాదు. తీర్మానం ఎవరిని ఉద్దేశించిందో అధ్యక్షుడే చెప్పాడు. కాబట్టి కొట్టివేస్తున్నాను.

కమిటీ అప్పీలు చేసింది. మా డిప్యూటీ రిజిస్ట్రారు నన్ను కర్నూలుకు పిలిపించాడు. కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి, "నీ తీర్పు నాకు నచ్చలేదోయ్. హాయిగా సర్దుబాటు అయ్యేదాన్ని రచ్చ చేశావు" అన్నాడు. కళ్ళజోడు తిరిగి పెట్టుకుని, "కానీ తప్పు మాత్రం కనబడలేదు" అన్నాడు. అప్పీలు కొట్టేశాడు. నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పి, సరైనదాన్ని సరైనదని నిలబెట్టినవాడు. ఆళ్ళగడ్డ రోడ్డు విషయంలో ఆయన మీద నాకున్న కోపం సగం ఆ రోజు పోయింది.

మార్తమ్మ బావికి పోయింది. కొంతమంది ఆడవాళ్ళు ఆ బావి నీళ్ళు మానేశారు. పెరటి బావుల నీళ్ళతో వండుకున్నారు. ఉప్పునీళ్ళలో కందిబేడలు ఎంత కట్టె తగలేసినా ఉడకవు. బేడలు మెత్తబడలేదు, మడి మెత్తబడింది. ఒక్కొక్కరే తిరిగొచ్చారు. దీన్ని హృదయ పరివర్తన అని నేను అనను. మనుషుల హృదయాలు మారేదాకా బావి మూసిపెట్టుకుని కూర్చోవాలా? ముందు గిలక తిరగనివ్వండి. హృదయం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

ఓడిపోయిన ఓటు

ఆ తర్వాత ఏడు ఆ సంఘం సర్వసభ్య సమావేశానికి శాఖ తరఫున పోయి కూర్చున్నాను. గుర్విరెడ్డే మళ్ళీ అధ్యక్షుడు. శేషగిరిరావే మళ్ళీ కార్యదర్శి. లోకం తలకిందులు కాలేదు. పని అంతా మామూలుగా ఏకగ్రీవంగా సాగిపోతోంది.

అప్పుడు మార్తమ్మ లేచి, కాలనీలో ఇళ్ళ దగ్గర గేదెలు కట్టడం మానిపించాలంది. పేడ దారిలో పారుతోందని, దోమలు, ఈగలని, సంఘం వెనక జాగాలో అందరికీ కలిపి ఒక కొట్టం వేసుకోవాలని చెప్పింది. అందరి ఇళ్ళల్లోనూ గేదెలున్నాయి, ఒక్క ఆమె ఇంట్లో తప్ప.

"టీచరమ్మా," అన్నాడు గుర్విరెడ్డి, "నీకు ఎనుము ల్యాకపాయె, అందుకు అట్లంటాండావు. పాలు మాత్రం మా ఇంట్లోనే పోయించుకుంటాండావే."

"దుడ్లిచ్చే పోయించుకుంటాండా గదన్నా. పేడ వాసన మాత్రం మీరు ఊరికే ఇస్తాండారు."

అందరూ నవ్వారు, రెడ్డి కూడా. ఎవరో, ఎనుమును మిద్దె మీద కట్టుకోమంటావా అన్నారు. చాలాసేపు వాదన జరిగింది. నాకైతే ఆమె చెప్పినదాంట్లో సగమే సరైనదనిపించింది. ఆ నేలలో వానకాలం వెనక జాగా నడుములోతు బురద, అక్కడ కొట్టమెలా వేస్తారు? చేతులెత్తమంటే ఆమె వైపు సుంకిరెడ్డి ఒక్కడే ఎత్తాడు, అదీ బావను ఏడిపించడానికి. తక్కినవన్నీ అవతలివైపే.

శేషగిరిరావు కలం పట్టుకుని అలవాటుగా రాయబోయాడు.

"ఏకగ్రీవం రాయొద్దు సార్" అంది మార్తమ్మ. "నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని రాయండి."

ఆయన అధ్యక్షుడివైపు చూశాడు. అధ్యక్షుడు, "రాయప్పా, ఒప్పుకోకపాయె గదా" అన్నాడు. రాశాడు.

మరుసటి పొద్దున ఆళ్ళగడ్డ బస్సుకు పోతూ ఆ దారిన నడిచాను. మార్తమ్మ బావి దగ్గర నీళ్ళు చేదుతోంది. పక్క గిలక దగ్గర గుర్విరెడ్డి భార్య, మా ఎనుము నిన్నేం జేసిందే అని ఆమెను దెప్పుతోంది. టీచరు చేంతాడు లాగుతూనే ఏదో గట్టిగా జవాబు చెబుతోంది. ఓటు ఓడిపోయిన మనిషి కూడా, గెలిచినవాళ్ళ పక్కనే నిలబడి, తన బిందె నింపుకుంటోంది. వాళ్ళు నన్ను చూడలేదు. అక్కడ నాతో పనేమీ లేదు. నేను నడిచిపోయాను.